అసంభవోక్తులు

గడచిన వారము ఒక యుదయమున మేము విశాఖపట్టణమందలి పూర్ణా మార్కెట్టునకు పోయితిమి. కూరగాయల బస్తాలు దించు కూలీల కేకలు, బేరమాడు గృహిణుల గొంతులు, ఎండుమిరపకాయల ఘాటు కలగలసిన ఆ సందడి నడుమ, ఒక పచారీ దుకాణపు అరుగుపై పదునాలుగేండ్ల బాలుడొకడు పుస్తకము తెరచి కూర్చుండియుండెను. పరీక్షలు దగ్గర పడినవట. ఆ పుస్తకమున ఎడమ ప్రక్క ఆంగ్ల జాతీయములును, కుడి ప్రక్క వానికి తెలుగు అర్థములును అచ్చుపడియున్నవి. బాలుడు వానిని గొంతెత్తి వల్లించుచుండెను. 'వెన్ పిగ్స్ ఫ్లై' యనగా పందులు ఎగిరినప్పుడు. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అనగా నీలి చంద్రునిలో ఒకసారి. 'బ్లడ్ ఫ్రమ్ ఎ స్టోన్' అనగా రాయి నుండి రక్తము. త్రాసులో చింతపండు తూచుచున్న తండ్రి చేయి నిలిపి, "పందులు ఎగరడమేట్రా?" అని యడిగెను. "ఏటో నాన్నా, పుస్తకంలో అలాగే ఉంది" అని చెప్పి బాలుడు పఠనము సాగించెను.

ఆ బాలుని తలపై, దుకాణపు గోడకు, చిన్న పలక యొకటి వ్రేలాడుచున్నది. ఇట్టి పలకను మన పాఠకులు ఎన్ని ఊళ్ళలోనో చూచియేయుందురు: "నేడు రొక్కము, రేపు అరువు." రేపు వచ్చి యడిగినను పలకమీద రేపే యుండును. పూర్వము రోమకులు, ఎన్నటికిని తీర్పని ఋణమును 'గ్రీకుల కాలెండ్సు నాడు' తీర్తుమనెడివారు. నెలలో మొదటి దినమునకు రోమకులు పెట్టుకొన్న పేరు కాలెండ్సు. బాకీలు చెల్లవలసినది ఆనాడే. గ్రీకుల పంచాంగమున ఆ దినమే లేదు. ఆగస్టసు చక్రవర్తి ఈ మాటను తరచు వాడెడివాడని ఆయన చరిత్ర వ్రాసిన స్యుటోనియసు చెప్పియున్నాడు. ఈ పలుకుబడి ఆంగ్లమునకును సంక్రమించినది. దానికి సరియైన తెలుగును ఏ నిఘంటువులోను వెదకనక్కరలేదు. పరీక్షకు చదువుచున్న ఆ బాలుని నెత్తిమీదనే అది వ్రేలాడుచున్నది.

మరి నాలుగడుగులు వేసితిమి. కిలో 40 రూపాయలని చెప్పిన వంకాయలను ఒక పెద్దమనిషి 20 రూపాయలకడిగెను. గంప ముందు కూర్చున్న అవ్వ తలయెత్తకయే, "ఆ రేటుకి కావాలంటే సంద్రమెండిపోయిన్నాడు రా బావూ!" అనెను. చుట్టునున్నవారు నవ్విరి, పెద్దమనిషియు నవ్వి వెనుదిరిగెను. ఆయన పది గజములైనను పోకమున్నే అవ్వ వెనుకకు పిలిచినది. బేరము 30 రూపాయలకు తెగినది. సముద్రము మాత్రము ఎండలేదు. మార్కెట్టుకు తూర్పున దాని హోరు దానిదే.

ఈ యుదంతమును మేము వినోదమునకై వ్రాయుటలేదు. జరుగనేరని దానిని పేర్కొని 'కాదు' అని చెప్పుట ప్రతి భాషయందును కలదు. దానిని ఎవరు ఎవరితో అనుచున్నారు, అన్న పిదప మాట సాగుచున్నదా, తెగుచున్నదా యనునదే దాని యర్థమును నిర్ణయించును. అవ్వ మాట బేరమునకు ఆరంభము. ప్రభువుల నోట అదే మాట విచారణకు అంతము. ఈ భేదమును పరీక్షా పుస్తకములు చెప్పవు. పత్రికలమైన మేమును తగినంతగా చెప్పుటలేదు.

ముందుగా మాటల సంగతి చూతము. ఆంగ్లమున ఈ జాతి పలుకుబళ్ళు మూడు తెగలు. జరుగనేరనివి కొన్ని, అరుదుగానైనను జరుగునవి కొన్ని, జరిగినను ప్రయోజనము లేనివి కొన్ని. బాలుని పుస్తకము మూడింటిని ఒకే గాట కట్టినది.

నీలి చంద్రుని తీసికొందము. ఇది అసంభవము కానే కాదు. 1883 లో క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు ఎగసిన ధూళిచే చంద్రుడు పలు దేశములందు నీలముగా కనబడెను. ఒక ఆంగ్లమాసమున రెండు పూర్ణిమలు వచ్చినచో రెండవదానిని నీలి చంద్రుడనుట ఇప్పటి వాడుక. ఈ నిర్వచనము 1946 లో ఒక అమెరికా ఖగోళ పత్రికలో పొరపాటున పుట్టినది. పొరపాటైనను లోకము దానిని స్వీకరించినది. ఇందులో మన పంచాంగకర్తలకు నవ్వు పుట్టించు సంగతి యొకటి కలదు. చాంద్రమాసము సౌరమాసముకంటె పొట్టి. ఆ వ్యత్యాసము కూడి కూడి ఒక నెలయగునప్పటికి ఒక సౌరమాసమున రెండు అమావాస్యలు పడును. మనకు అధికమాసము వచ్చుట అందువలననే. ఆంగ్లమాసమున రెండు పూర్ణిమలు పడుటయు అదే లెక్క. 19 ఏండ్లలో అధికమాసములు 7, నీలి చంద్రులును 7. 2023 వ సంవత్సరమున ఈ రెండును ఒకేసారి వచ్చినవి. ఆగస్టు మాసారంభమున వచ్చిన పూర్ణిమ అధిక శ్రావణమునది. మాసాంతమున, రాఖీ కట్టుకొను వేళ వచ్చిన నిజ శ్రావణ పూర్ణిమయే ఆంగ్లేయుల నీలి చంద్రుడు. మన పత్రికలు ఆనాడు 'బ్లూ మూన్' అని పెద్దక్షరములలో అచ్చువేసినవేకాని, అది మన నిజ శ్రావణ పూర్ణిమయే యని చెప్పినవారు అరుదు.

కావున ఈ జాతీయమును 'పుష్కరమునకొకసారి' యని తెనిగించిన చాలును. 'అమావాస్యకో పున్నమికో' యనియు మనవారందురు. లెక్కకు పోయినచో అది పదునైదు దినములకొకసారి యగును. కాని పలుకుబళ్ళను గణితముతో కొలుచువారితో మాకు వాదము లేదు.

మూడవ తెగకు పేరుపొందిన యుదాహరణము 'న్యూకాసిల్ నగరమునకు బొగ్గు మోయుట'. బొగ్గుగనుల నడుమనున్న ఇంగ్లండు రేవునకు బొగ్గు తీసికొనిపోవుట వృథా శ్రమ యని భావము. అసంభవమని కాదు. దీనిని 'సముద్రములో వాన' యని తెలుగున అనవచ్చును. సముద్రపుటొడ్డున నివసించు విశాఖవాసులకు వివరింప బనిలేదు. అయితే కాలము ఈ పలుకుబడిని కూడ వెక్కిరించినది. గనులు ఒక్కొక్కటిగా మూతపడగా, ఇరువదియొకటవ శతాబ్దారంభమున అదే టైన్ నది రేవునకు విదేశముల బొగ్గు ఓడలలో వచ్చి దిగినది. వృథా యనుకొన్నది అవసరమైనది.

ఇక పందుల మాట. ఆంగ్లేయులు ఈ యెగిరెడు పందిని కనీసము 400 ఏండ్లుగా పెంచుకొనుచున్నారు. లూయిస్ కరోల్ 1865 లో ప్రకటించిన ఆలిస్ కథలో దానిని పరిహాసమునకు వాడినాడు. 1909 నవంబరులో మూర్ బ్రబజన్ అను ఆంగ్ల వైమానికుడు ఒక పందిపిల్లను బుట్టలో పెట్టి తన విమానమునకు కట్టి ఎగిరి, తన జాతి సామెతను తానే అబద్ధము చేసెను. ఇంకను పాత కథ యున్నది. రోమక కవి జువెనాల్ దుర్లభమైన దానిని నల్లని హంసతో పోల్చెను. యూరపు ఖండమంతయు ఇంచుమించు పదునారు వందల యేండ్లు నల్లహంస లేదనియే యనుకొనెను. 1697 లో డచ్చి నావికుడు వ్లామింగ్ పడమటి ఆస్ట్రేలియాకు పోగా అచ్చట నదిలో నల్లహంసలు ఈదుచుండెను. లేదన్నవారు చూడలేదని దీని యర్థము; లోకమున లేదని కాదు.

పందులు ఎగిరిన నాడు అను దానిని 'పడమట ప్రొద్దు పొడిచిన నాడు' అని తెనిగించువారు కలరు. భావము కుదిరినను రసము చెడును. పడమటి ప్రొద్దు ప్రతిజ్ఞ చేయువాని మాట, గంభీరమైనది. పంది నవ్వుటకు పుట్టినది. మనకు ఆ నవ్వు ఎద్దులో నున్నది. ఎద్దు ఈనినదనిన, దూడను కొట్టమున కట్టుమన్నాడను సామెత తెలుగువారందరికిని తెలిసినదే. ఆంగ్లేయుని సామెత అసంభవమును చెప్పి యూరకొన్నది. మనది ఒక మెట్టు ముందుకు పోయి, ఆ యసంభవమును విని తలయూపువానిని కూడ పట్టి యిచ్చినది. 'ఎద్దు ఈనిన నాడు' అని వ్రాసిన బాలునికి మేమైతే పూర్తి మార్కులు వేయుదుము.

సంస్కృతమున ఈ విచారము మరింత సూక్ష్మముగా జరిగినది. శశవిషాణము, గగనకుసుమము, వంధ్యాపుత్రుడు అని మన శాస్త్రకారులు అసత్తునకు ఉదాహరణములు చెప్పుదురు. ఇవన్నియు ఒకటి కావు. కుందేలు కలదు, కొమ్ము కలదు. వాని కలయిక మాత్రమే లేదు. గొడ్రాలి కొడుకన్నచో మాటలోనే మాటకు విరోధము. కొడుకు పుట్టిన మరుక్షణము ఆమె గొడ్రాలు కాదు. ఆంగ్లేయులు వృత్తమును చతురస్రముగా మార్చుట యని యొకటి అందురు. రూళ్ళకఱ్ఱ, వృత్తలేఖిని తప్ప వేరు సాధనము లేక వృత్తమునకు సమవైశాల్యముగల చతురస్రమును గీయుట సాధ్యము కాదని 1882 లో జర్మను గణితజ్ఞుడు లిండెమన్ నిరూపించినాడు. మన శుల్బసూత్రములందు అందుకు దగ్గరి మార్గములు కలవు. అవి దగ్గరివే, సరియైనవి కావు. ఇది వంధ్యాపుత్రుని తెగకు చేరినది. దీనికి కాలము మందు కాదు. నల్లహంస, ఎగిరెడు పంది, న్యూకాసిల్ బొగ్గు — ఇవి కుందేటి కొమ్ము తెగవి. వానిపై తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. వృత్తము నిరూపణతో ముగిసినది. కడమవి అనుభవముతో తేలవలసినవి. పరిపాలకులు 'అసంభవము' అన్నప్పుడు ప్రజలడుగవలసిన ప్రశ్న యొకటే: ఇది గొడ్రాలి కొడుకా, కుందేటి కొమ్మా?

ఇచట మన భాషకు ప్రత్యేకమైన స్వభావమొకటి చెప్పవలసియున్నది. ఆంగ్లేయుడు రాతినుండి రక్తము రాదని చెప్పి చేతులు దులుపుకొనును. తెలుగువాడు, 'వాడు రాతినుండి నార తీయగల ఘటికుడు' అని మెచ్చుకొనును. అదే రాయి, ఒకచోట నిషేధము, మరియొకచోట సామర్థ్యమునకు కొలబద్ద. భర్తృహరి ఈ త్రోవయందే నడచినాడు. ఇసుకను పిండి నూనె తీయవచ్చును, ఎండమావిలో నీరు త్రాగవచ్చును, కుందేటి కొమ్మును సంపాదింపవచ్చును అని అన్నింటిని ఒప్పుకొని, మూర్ఖుని మనస్సును మాత్రము ఒప్పింపజాలమని తేల్చినాడు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ పద్యమును బడిలో చదివిన ప్రతివాడును ఎరుగును. అసంభవమైనది వస్తువులలో లేదు, వినని మనస్సులో నున్నదని ఆ మహనీయుని యభిప్రాయము.

వినని మనస్సునకు మన దేశ చరిత్రలో సాక్ష్యములు కొల్లలు. 1930 లో మహాత్ముడు ఉప్పు సత్యాగ్రహము తలపెట్టినప్పుడు, అధినివేశ ప్రతిపత్తి వచ్చువరకు ఆయన సముద్రజలమును కాచుకొనుచుండవచ్చునని కలకత్తాలోని యొక ఆంగ్ల దినపత్రిక పరిహసించెను. అనగా అది ఎన్నటికిని రాదని. గ్రీకుల కాలెండ్సు నాటి మాటయే, ఉప్పు వేసి వడ్డించినారు. 1947 ఆగస్టున ఆ ప్రతిపత్తియు వచ్చినది; 1950 జనవరిలో దానిని కూడ త్రోసి గణతంత్రము నిలిచినది.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొన్న తెన్నేటి విశ్వనాథము గారే 1966 లో విశాఖ ఉక్కు ఉద్యమమునకు ముందు నిలిచిరి. అప్పుడు నిరాకరించినవారు పరదేశీయులు కారు. దక్షిణ తీరమున ఉక్కు కర్మాగారమునకు విశాఖపట్టణమే తగినదని ఆంగ్ల-అమెరికా నిపుణుల సంఘము 1965 లో చెప్పియుండెను. అయినను నిధులు లేవను మాటయే ఢిల్లీనుండి వచ్చినది. 1966 అక్టోబరులో టి. అమృతరావుగారు ఈ నగరమున నిరాహారదీక్ష పూనిరి. నవంబరు 1 వ తేదీన ఇచట తుపాకులు ప్రేలినవి. ఆ యుద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు విడిచిరి. ఆంధ్రులు కోరినది గొంతెమ్మ కోరిక యని పెద్దలు కొందరు ఆనాడు తలచిరి. గొంతెమ్మ యనగా కుంతీదేవియే. కుంతి తెలుగున గొంతి యైనది. తీరని కోరికలకు ఆ తల్లి పేరు పెట్టిన మన జాతి, ఆమె కొడుకులు చివరకు రాజ్యము నేలిరను సంగతి మరచినట్లున్నది.

1970 ఏప్రిలులో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20 వ తేదీన శంకుస్థాపన జరిగెను. పలకమీది రేపు మరల మొదలయ్యెను. మొదటి ఊదుకొలిమి వెలుగుటకు 1990 వ సంవత్సరము రావలసివచ్చెను. దానికి గోదావరి యని పేరు పెట్టిరి. 1992 ఆగస్టు 1 వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు గారు కర్మాగారమును జాతికంకితము చేసిరి. అచట తయారగు వానిలో చుట్టలు చుట్టిన తీగ యొకటి. బైలడిల్లా కొండల రాయి ఒక వాకిట ప్రవేశించును, ఇనుప తీగయై మరియొక వాకిట వెలువడును. రాతినుండి నార తీయుట యన్నది మన పూర్వులు ఏ తలపుతో ననిరో కాని, గాజువాక దాపున అది ప్రతిదినము జరుగుచున్న పని.

2021 జనవరిలో కేంద్రప్రభుత్వము ఈ కర్మాగారమున తనకుగల వాటాను నూటికి నూరు పాళ్ళు విక్రయించుటకు సూత్రప్రాయముగా అంగీకరించినది. కార్మికులు వీధిలోనికి వచ్చిరి. నష్టములు వచ్చుచుండగా ప్రభుత్వమే నడుపవలెననుట గొంతెమ్మ కోరిక యని మరల వినబడినది. అదే మాట, అదే యూరు. 2025 జనవరిలో అదే ప్రభుత్వము 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయమును ప్రకటించినది. నాలుగేండ్లకు ముందు అసంభవమైనది నాలుగేండ్లకు పిదప ఎట్లు సంభవమయ్యెను? నిధులు ఎచటనుండియో పుట్టలేదు. విను మనస్సు కొంత పుట్టినది. ఆ సహాయము చాలునా చాలదా యనునది వేరు చర్చ.

ఒక మాట మాత్రము చెప్పక తప్పదు. పెద్ద ఉక్కు కర్మాగారములకు సాధారణముగా స్వంత ఇనుపగనులుండును, విశాఖకు లేవు. ఖనిజమును కొనుచు, బొగ్గును ఆస్ట్రేలియా మున్నగు దేశములనుండి ఓడలలో తెప్పించుకొనుచు, గనులున్నవారితో సమానముగా లాభము చూపుమనిరి. నష్టములకు అది యొక్కటియే కారణమని మేము వాదింపము. నిర్వహణలోని లోపములు, అప్పుల వడ్డీ, బజారు ఎగుడుదిగుడులు కూడ కలవు. కాని గని యీయక లాభమడుగుట, వృత్తమును చతురస్రము చేయుమని వృత్తలేఖినిని కూడ లాగికొనుట వంటిది.

మా యింటి లోపమును కూడ దాచరాదు. తంతివార్తలనాటినుండి నేటివరకు తెలుగు పత్రికా కార్యాలయములలో అనువాదము పరుగులమీద జరుగుచున్నది. ఢిల్లీ యధికారి ఆంగ్లమున ఒక ఛలోక్తి విసరును. అది మా బల్లమీదికి వచ్చునప్పటికి ఛలోక్తి యెగిరిపోయి పంది మిగులును. చదువరికి అధికారి తనను ఎగతాళి చేసెనని తెలియదు. ఏదియో జంతు వృత్తాంతమని యనుకొని పుట త్రిప్పును. 'ఎద్దు ఈనిన నాడు ఇత్తుమని మంత్రిగారు సెలవిచ్చిరి' అని వ్రాసి చూడుడు. మరునాడు మంత్రిగారు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. తప్పుడు అనువాదము భాషకు మాత్రమే చెరుపు కాదు. అధికారము చేసిన అవమానమును ప్రజలకు తెలియకుండ కప్పిపుచ్చు దుప్పటి యగుచున్నది.

తిరిగి వచ్చునప్పుడు ఆ పచారీ దుకాణముకడ మరల ఆగితిమి. అర్ధకిలో చింతపండు కొని, బాలుని పుస్తకమడిగి తీసికొని, అచ్చు అర్థముల ప్రక్క పెన్సిలుతో మా అర్థములను వ్రాసితిమి: ఎద్దు ఈనిన నాడు, పుష్కరమునకొకసారి, రాతినుండి నార. తండ్రి మొదటిది చదివి గట్టిగా నవ్వెను. బాలుడు నవ్వలేదు. "ఇలా రాస్తే మార్కులేస్తారాండీ?" అని యడిగెను. వేయవలెనని మేమంటిమి. వాడు కొంచెమాలోచించి, మా పెన్సిలు వ్రాతను చెరుపక, పైనున్న అచ్చు వాక్యమునే మరల వల్లింపసాగెను.